రెండు మెట్ల గీత

మూడు సీసాల్లో మూడు మంచుగడ్డలు వేసి, ఏ గడ్డలో ప్రాణముందో కనిపెట్టమని బడిపిల్లల్ని అడగడం నా ఉద్యోగం. ఒక గడ్డ ఉత్త ఉప్పునీళ్ళతో కట్టింది. రెండోదాంట్లో వంటసోడా ఉంటుంది. మూడోదాంట్లో రొట్టెలు పొంగడానికి కలిపే ఈస్ట్ ఉంటుంది. చూడ్డానికి మూడూ ఒక్కలాగే ఉంటాయి. మూడు సీసాల్లోనూ గోరువెచ్చని పంచదార నీళ్ళు, కాస్త నిమ్మరసం పోయించి, మూతులకు బుడగలు తొడిగిస్తాను. సోడా సీసా బుస్సుమని పొంగి, దాని బుడగ వెంటనే నిలబడుతుంది. పిల్లలందరూ అదే, అదే అంటారు. నేను అవుననను, కాదనను. వాళ్ళ ఊళ్ళు, వాళ్ళ బస్సు ఎన్నింటికి బయల్దేరిందో అడుగుతూ కూర్చుంటాను. అరగంట తర్వాత ఆ బుడగ ఉన్నచోటే ఉంటుంది. అప్పుడు మూడో బుడగ మెల్లగా తల ఎత్తుతుంది. ఇంకో గంటకు రెండోదాన్ని దాటిపోతుంది.

గబుక్కున పొంగి ఆగిపోయేది రసాయనం. ఆలస్యంగా మొదలుపెట్టి, తింటున్నకొద్దీ పెరిగేది ప్రాణం. శనిగ్రహం చుట్టూ తిరిగే ఎన్సెలడస్ అనే చిన్న చందమామ మీద మంచు పెంకు ఉంది, దాని కింద ఉప్పు సముద్రం ఉంది. ఆ సముద్రంలో ఎవరైనా ఉంటే వాళ్ళు ఎలా ఉంటారో మనకు తెలియదు. తింటారా లేదా అని మాత్రం అడగగలం. పిల్లలకు నేను చెప్పేది ఇంతే.

మా కేంద్రం కాకినాడ చేపల రేవు దగ్గర మూతపడిన ఐసు ఫ్యాక్టరీలో ఉంది. మంచుదిమ్మలు కట్టే గదులు, గొట్టాలు అప్పటికే ఉన్నాయని ఆ చోటు తీసుకున్నారు. నేను గాజు సామాను కడిగే పనికి చేరాను. పదో తరగతి దాకా చదివినదాన్ని. గ్రంథాలయం గదిలో ఎవరూ ముట్టని పుస్తకాలు, పక్కన నిఘంటువు పెట్టుకుని, మధ్యాహ్నం భోజనాల వేళ ఒక్కొక్కటే చదివాను. ఏడెనిమిదేళ్ళకు బడిపిల్లల గది నాకు అప్పగించారు. కడిగే పని మాత్రం వదులుకోలేదు. ఇంకొకరు కడిగితే నాకు నమ్మకం కుదరదు.

అక్కడ పెద్ద శాస్త్రవేత్త మృదుల. నా అక్క కూతురు. మా అక్క శేషారత్నం పోయేటప్పటికి దానికి ఆరేళ్ళు. నేను పెళ్ళి చేసుకోలేదు, దాన్ని తెచ్చుకుని పెంచాను. ఎన్సెలడస్‌కు పంపిన పెట్టె మృదుల తయారుచేసిందే. టిఫిను క్యారియరంత ఉంటుంది, లోపల ఐదు గదులు. ఒక్కో గదిలో పూత పూసిన పల్చటి పళ్ళెం. అందులో చుక్క నీళ్ళు పడితే, పెట్టె ఆ చుక్కకు కొంచెం ఆహారం పెట్టి, వేడి కోసం కనిపెట్టుకుని ఉంటుంది. తిన్న జీవికి ఒళ్ళు వెచ్చబడుతుంది. వెయ్యి క్రిములు కలిసి తిన్నా ఆ వెచ్చదనం ఈ పెట్టెకు తెలుస్తుంది. ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా అలాంటిది లేదు కాబట్టి, నాలుగు దేశాలు కలిసి పంపిన నౌకలో మా పెట్టెకు చోటు దొరికింది. నౌక పేరు నీటిపిట్ట. వెళ్ళడానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

ఆ చందమామ దక్షిణ కొసన మంచు పగుళ్ళలోంచి సముద్రపు నీళ్ళు ధారలుగా పైకి చిమ్ముతాయి. నీటిపిట్ట ముందు ఆ తుంపరలోంచి ఎగిరి, చుక్క నీళ్ళు పట్టి, రెండో గదిలో పోసింది. తర్వాత నెల రోజులకు ఒక పగులు పక్కన దిగి, మంచు కరిగించుకుంటూ లోపలికి పోయి, పెట్టె గదులన్నీ సముద్రంలోకి తెరవాలి. అసలు పని అది.

మొదటి చుక్క ఫలితం వచ్చిన రోజు మధ్యాహ్నం నన్ను కూడా పెద్ద హాల్లోకి పిలిచారు. తెర మీద వేడి గీత ముప్ఫై గంటలు నేలబారుగా పాకి, తర్వాత మెల్లగా లేచింది. కొంత ఎత్తు లేచి ఆగింది. ఒక రోజంతా అలాగే నిలబడి, మళ్ళీ లేచి, మొదటిదానికంటే ఎత్తుకు పోయింది. జనం ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడుస్తున్నారు. మా అధికారి పరంజ్యోతిగారు కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నారు. మృదుల నా రెండు చేతులూ పట్టుకుంది. దాని చేతులు మంచులా ఉన్నాయి.

నేను తెర వంకే చూస్తున్నాను. ఆ రెండు మెట్ల గీతను నేను అంతకుముందు చూశాను.

పదకొండేళ్ళ కిందట, మే నెలలో, పిఠాపురం నుంచి నలభై మంది పిల్లలు వచ్చారు. సెలవుల్లో ప్రత్యేకంగా తీసుకొచ్చారు. ముందురోజంతా కరెంటు లేక, ఫ్రిజ్‌లో ఉన్న ఈస్ట్ చచ్చిపోయింది. మూడో బుడగ లేవలేదు. అంత దూరం వచ్చిన పిల్లలకు ప్రాణం చూపించకుండా పంపడం నాకు మనసొప్పలేదు. మృదుల ఊళ్ళో లేదు. నీటిపిట్టకు పంపే పెట్టెతోపాటు, సాధన చేయడానికి సరిగ్గా అలాంటిదే ఇంకొకటి తయారుచేశారు. జంటపెట్టె అనేవాళ్ళం. వర్క్‌షాపు చూసే దొరబాబు దాన్ని పిల్లలకు చూపించడానికి బల్ల మీద పెట్టి ఉంచాడు. నా భోజనం డబ్బాలో తరవాణి ఉంది.

మా ఇంట్లో వేసవికాలం తరవాణి లేకుండా ముద్ద దిగదు. అన్నం వార్చిన గంజి, నీళ్ళు కుండలో పోసి పులియబెడితే పైన తేరే పుల్లటి తేట అది. రోజూ కొంత తీసుకుని, అంత కొత్త గంజి పోస్తాం. కుండ ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు. ఆ కుండ మా అమ్మ నుంచి అక్కకు, అక్క నుంచి నాకు వచ్చింది. తరవాణిలో కోట్ల క్రిములుంటాయని పుస్తకాల్లో చదివే ఉన్నాను. ఒక చుక్క తీసి జంటపెట్టె పళ్ళెంలో వేశాను. పిల్లలు వెళ్ళేలోపల అంకె కదలడం చూశారు, చప్పట్లు కొట్టారు. నేను ఐదు రోజులపాటు దాన్ని తీయకుండా చూస్తూ ఉన్నాను. గీత ఒక మెట్టు లేచింది. ముందు పుట్టిన క్రిములు నీళ్ళను పులవబెట్టేసి ఆగాయి. ఆ పులుపులో బతకగలిగినవి తర్వాత లేచాయి. రెండో మెట్టు. ఎవరికీ చెప్పలేదు. సాధన పెట్టే కదా అనుకున్నాను.

నీటిపిట్టకు పంపిన పెట్టె వేరు. అది తెలుసు. తెలిసీ, హాల్లోంచి బయటికి వచ్చి, ఆటో ఎక్కి దొరబాబు దగ్గరికి వెళ్ళాను.

దొరబాబు ఉద్యోగం మానేసి జగన్నాథపురం వంతెన దిగాక మోటార్లకు తీగ చుట్టే కొట్టు పెట్టుకున్నాడు. నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు. టీవీలో అప్పుడే చెప్తున్నారని, మృదులమ్మగారు పేరు నిలబెట్టారని, ఆ పెట్టెకు మరలు బిగించింది తనేనని వీధిలో అందరికీ చెప్పుకున్నానని అన్నాడు. పంపే ముందు పెట్టెలో పళ్ళేలేమైనా మార్చావా అని అడిగాను.

"ఒక్కటి మార్చేనండి. రెండో గదిది. బిగిస్తంటే గీత పడిపోయిందండి దానికి. కొత్తది రావాలంటే మూడు నెల్లన్నారు. జంటపెట్టెలోది అచ్చం అలాంటిదే కదండి, అదేసేను. పుస్తకంలో రాసేను కూడానండి, నంబరుతో సహా."

"జంటపెట్టెలోంచి తీసేవా?"

"కాదండి. మీ అరలో ఉంది. కడిగి ఆరబెట్టి ఉంది. చీటీ మీద మీ టిక్కు ఉంది. ఇంకేం చూడాలండి? అమ్మగారు కడిగిన గిన్నెలో దేవుడికి నైవేద్యం పెట్టొచ్చనేవోళ్ళం మేం."

నేను లేచాను. టీ తాగి వెళ్ళమన్నాడు. ఏమైందని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఆటో ఎక్కాక గాని నా చెప్పులు అక్కడే మర్చిపోయానని తెలియలేదు.

కేంద్రంలో ఏ గిన్నెకైనా మూడు కడుగులు. ముందు సబ్బునీళ్ళు, తర్వాత ఆమ్లం, చివర మంచినీళ్ళు. మూడూ అయ్యాకే టిక్కు పెట్టాలి. ఆ పళ్ళేన్ని నేను మంచినీళ్ళతో మూడుసార్లు తొలిచి ఆరబెట్టాను. అంతే చేశాను. మా ఇంట్లో తరవాణి తగిలిన గరిటెకు గాని, ముంతకు గాని సబ్బు తగలనివ్వం. సబ్బు తగిలితే కుండ చస్తుందని మా అమ్మ చెప్పింది. తరవాణి వాసన తగలగానే నా చెయ్యి ఇంట్లో ఉన్నట్టే కడిగింది. తర్వాత అదే చెయ్యి టిక్కు పెట్టింది.

నాలుగు రోజుల్లో ప్రపంచానికి అధికారికంగా ప్రకటన చెయ్యాలి. ఇరవై ఆరు రోజుల్లో నీటిపిట్ట దిగాలి. నేను చెప్పకపోతే మా వంటింటి క్రిములు, ఎవరిదో తెలియని సముద్రంలోకి పోతాయి. అక్కడ ఎవరైనా ఉంటే, వాళ్ళ మీద పడి తింటాయి. ఎవరూ లేకపోయినా, తర్వాత వెళ్ళి చూసేవాళ్ళు ఎప్పటికీ నిజం తెలుసుకోలేరు. చెప్తే మృదుల పందొమ్మిదేళ్ళ పని పోతుంది. దానికి నలభై తొమ్మిదేళ్ళు. ఇంకో నౌక తయారై, వెళ్ళి చేరేసరికి అది డెబ్బై దాటుతుంది.

మృదుల గదిలో ఫోన్లు మోగుతున్నాయి. వాటిని పక్కన పెట్టించి, తలుపు వేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ముందు అది నవ్వింది.

"గ్యాసు కట్టేనా లేదా అని సగం దార్లోంచి వెనక్కెళ్ళే మనిషివి నువ్వు. ఇప్పుడు నీ కంగారుకి శనిగ్రహం కూడా కావాల్సొచ్చిందా పిన్నీ?"

నేను దొరబాబు చెప్పిన సంగతి చెప్పాను. అది వర్క్‌షాపు పాత పుస్తకం తెప్పించింది. వేలితో వరసలు చూసుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగింది. చాలాసేపు ఆ నంబరు మీదే వేలు ఉంచింది.

"సబ్బు వెయ్యలేదా?"

"లేదు."

"ఆమ్లం?"

"లేదమ్మా."

"టిక్కు పెట్టేవు."

"పెట్టేను."

ఇంటికి వెళ్ళమంది. నా మొహం చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ఇంటికి వచ్చింది. నిద్రపోయినట్టు లేదు. పళ్ళేలన్నిటినీ ముప్ఫై గంటలు పొయ్యిలో కాల్చామని, ఏ క్రిమీ బతకదని, పూత పోతుందని లోపల తుడిచి పరీక్ష చెయ్యలేదు గాని, ఆ వేడికి అవసరం లేదనే అనుకున్నామని చెప్పింది. నాకు చెప్తున్నట్టు లేదు, ఎవరికో వాదిస్తున్నట్టుంది. నేను నా క్రిముల పుస్తకం తీసి పేజీ చూపించాను. బియ్యంలో ఉండే కొన్ని క్రిములు కష్టకాలం వస్తే గింజలా గట్టి పెంకు కట్టుకుని నిద్రపోతాయి. అన్నం ఉడికినా చావవు, పొడి వేడికి అంత తేలిగ్గా చావవు, ఏళ్ళ తరబడి అలాగే ఉండగలవు. చద్దన్నంలో పొద్దున్నకల్లా మళ్ళీ లేచేవి అవే.

"అది నాకూ తెలుసు పిన్నీ. నీకు తెలియకపోతే బాగుండును."

తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళి, సంచిలోంచి చిన్న గాజు గొట్టం తీసి, కుండలోంచి తరవాణి పట్టుకుంది. జంటపెట్టెలో పెట్టి చూస్తానంది. కుండ మీద మూత పెడుతూ, ఇది అమ్మ కుండే కదా అని అడిగింది. అవునన్నాను.

"కాకినాడ నుంచి రాజమండ్రి వెళ్ళాలంటేనే రెండ్రోజులు ముందు నుంచి భయపడేదట కదా మా అమ్మ," అంది. ఆ మాట అని, గొట్టానికి బిరడా బిగించుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజే పరంజ్యోతిగారికి అంతా చెప్పేసింది. ఆవిడ కోప్పడలేదు. ఇంకా చూడాల్సింది ఉందని ప్రకటన వాయిదా వేయించారు. ఇప్పుడు ఆశ ఒక్కటే ఉంది. తుంపర నీళ్ళు పెట్టె తొట్టిలో ఇంకా మిగిలి ఉన్నాయి. మూడో గది పళ్ళెం కొత్తది, నా అరలోంచి వెళ్ళింది కాదు. అవే నీళ్ళు మూడో గదిలో పోస్తే, అక్కడ కూడా గీత లేస్తే, నేను కంగారుపడ్డానంతే. లేవకపోతే రెండో గదిలో లేచింది మాది.

ఆరు రోజులు చూడాలన్నారు.

ఆ ఆరు రోజులూ బడిపిల్లలు వస్తూనే ఉన్నారు. తుని నుంచి ఒక బడి, సామర్లకోట నుంచి ఒక బడి. అందరూ టీవీలో విన్నారు, ప్రాణం దొరికిందట కదా అని అడిగారు. ఇంకా తెలియదని చెప్పాను. సీసాలు నన్ను కడగొద్దన్నారు. ఎవరో కొత్త అమ్మాయిని పెట్టారు. ఆ అమ్మాయి నా ఎదురుగా నిలబడి కడుగుతూ, ఇలాగేనా అమ్మమ్మగారూ అని అడిగేది. నేను తలూపేదాన్ని. కడిగాక ఎవరూ చూడకుండా గిన్నెలు వెలుతురుకు పెట్టి చూసుకున్నాను.

మృదుల రెండు పూటలా ఇంటికి భోజనానికి వచ్చేది. ఎప్పుడూ అలా రాలేదు. ఒకరోజు కూరలో ఉప్పు ఎక్కువైందంది. ఒకరోజు, ఇంత తెలిసినదానివి ఆ రోజే ఒక ముక్క చెప్పి ఉండాల్సిందని అంది. ఎందుకు చెప్పలేదో నేను ఆలోచించుకున్నాను. చెప్తే తిడతారని చెప్పలేదు. అంతకంటే పెద్ద కారణం లేదు. అదే దానితో అన్నాను. పళ్ళెంలో చెయ్యి కడుక్కుని వెళ్ళింది.

నాలుగో రోజు జంటపెట్టె గీత వచ్చింది. రెండు మెట్లు. మృదుల దాన్ని శని దగ్గర నుంచి వచ్చిన గీత మీద పెట్టి చూపించింది. అక్కడి చలికి ఒకటి కొంచెం ఆలస్యమైంది, అంతే తేడా. అయినా, పులుపు పుట్టించేవి ముందు, పులుపుకు ఓర్చుకునేవి వెనక, ఇలా ఏ సముద్రంలోనైనా జరగవచ్చని ఒక కుర్ర శాస్త్రవేత్త అన్నాడు. అందరం అతని వంక ఆశగా చూశాం. నేను కూడా.

ఆరో రోజు మధ్యాహ్నం మూడింటికి మూడో గది గీత చూశాం. నేలబారుగా ఉంది. ఇంకో రెండు రోజులు ఆగి చూశారు. కదల్లేదు.

ఆ సముద్రంలో ప్రాణం లేదని దానర్థం కాదు. ఒక చుక్క నీళ్ళు పట్టి సముద్రం ఖాళీ అనలేం. తుంపరలో దొరకనిది లోపలికి దిగితే దొరికేదేమో. కానీ దిగడానికి వీల్లేదు. రెండో గదిని వేడి చేసి క్రిముల్ని చంపగలమా అని దొరబాబును కూడా పిలిపించి అడిగారు. లోపలున్న తీగ అరవై డిగ్రీలు దాటదని, దాటకుండా దాన్ని బిగించింది తనేనని అన్నాడు. గదిని విడగొట్టి పారేసే ఏర్పాటు లేదు. కక్ష్యలో వదిలేస్తే ఏనాటికో అదే చందమామ మీద పడుతుంది. నాలుగు దేశాలవాళ్ళు రెండు రోజులు మాట్లాడుకుని తేల్చారు. నీటిపిట్టను శనిగ్రహంలోకి తోసెయ్యాలి. అక్కడి మబ్బుల్లో అది కాలి బూడిదవుతుంది, దాంట్లో ఉన్నవి కూడా.

తప్పు ఎక్కడ జరిగిందో నివేదిక రాయాల్సి వచ్చింది. శుభ్రతలో లోపం అని మృదుల ఒక్క వాక్యం రాసింది. పరంజ్యోతిగారు అది చాలన్నారు. నేను వెళ్ళి చాలదన్నాను. పళ్ళెం మార్చింది దొరబాబని పుస్తకంలో ఉంది. పేరు రాయకపోతే ఆ పుస్తకం చూసినవాళ్ళు అతని పేరే రాసుకుంటారు. అతను నమ్మింది నా టిక్కును. నా పేరు, చేసిన పని, తేదీ రాయించి కింద సంతకం పెట్టాను. మృదుల ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుంది. ఆ రోజు నుంచి భోజనానికి రావడం మానేసింది. నా ఉద్యోగం పోలేదు గాని, నేనే మానేస్తానని రాసిచ్చాను. పరంజ్యోతిగారు నీటిపిట్ట సంగతి పూర్తయ్యేదాకా ఉండమన్నారు.

నెల రోజుల తర్వాత ఒక బుధవారం ఉదయం అందరం హాల్లో చేరాం. దొరబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి వెనక నిలబడ్డాడు. తెర మీద అంకెలు సెకనుకోసారి మారుతున్నాయి. ఎత్తు, వేడి, ఇంకా ఏవేవో. నేను గోడ పక్క బల్ల మీద కూర్చున్నాను. మృదుల ముందు వరసలో నిలబడి ఉంది. పది గంటల పన్నెండు నిమిషాలకు అది గడియారం చూసి, ముందు వరస వదిలి, వచ్చి నా పక్కన కూర్చుంది. అది నా పక్కన కూర్చుని నెలైంది.

"అయిపోయింది పిన్నీ," అంది.

తెర మీద అంకెలు మారుతూనే ఉన్నాయి. అదే అడిగాను.

"అక్కడ నుంచి మాట ఇక్కడికి రావడానికి గంటా ఇరవై నిమిషాలు. అది కాలిపోయింది. పోకముందు చెప్పినవి ఇంకా దార్లో ఉన్నాయి. పదకొండూ ముప్ఫైరెండు దాకా వస్తూనే ఉంటాయి."

నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నలభై మూడేళ్ళుగా ఎవరికీ చెప్పనిది చెప్పాలనిపించింది.

"మీ అమ్మ పోయిన మూడో నాడు నాకు అది రాసిన పోస్టుకార్డొచ్చింది. నిన్ను తీసుకుని వచ్చి, అప్పుడే ఇంటి తాళం తీసేను. గుమ్మంలో పడుంది."

మృదుల నా వైపు తిరిగింది. తనకెందుకు చెప్పలేదని అడుగుతుందనుకున్నాను. అది అడగలేదు.

"ఏం రాసింది?"

"నీకు దగ్గు తగ్గిందని రాసింది. పలక కొత్తది కొన్నారట, నువ్వు పక్కలో పెట్టుకుని పడుకుంటున్నావట. తనకి జ్వరం వచ్చి పోతోందని, పెద్దదేం కాదని రాసింది. నేను వస్తానని ఎదురుచూడనని, వీలున్నప్పుడే రమ్మని రాసింది."

"నువ్వెళ్ళలేదు."

"అంతకుముందు రాసిన కార్డుకి వెళ్ళాల్సింది. అప్పుడు సెలవు దొరకలేదని ఊరుకున్నాను."

ముందు వరసలో ఎవరో ఎత్తు చదివి చెప్తున్నారు. దొరబాబు జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మృదుల నా చెయ్యి పట్టుకోలేదు. కాళ్ళు రెండూ బల్ల మీదికి మడుచుకుని, చిన్నప్పటిలా, నా భుజానికి ఆనుకుని కూర్చుంది.

"ఇంకా ఏం రాసింది? మొత్తం చెప్పు. మొదట్నించి చెప్పు," అంది.

గడియారం చూశాను. పదీ ఇరవై. ఇంకా గంటా పన్నెండు నిమిషాలుంది. చెల్లికి శుభాశీస్సులు అన్న మాట దగ్గర మొదలుపెట్టాను.